కేసులు పెరిగితే హింస పెరిగినట్టేనా?

జాతీయ నేర గణాంకాల విభాగం 2022 లెక్కల్లో తెలంగాణ వరుస దగ్గర కన్ను ఆగిపోతుంది. మహిళలపై నేరాలు లక్ష మంది స్త్రీలకు 117 చొప్పున నమోదయ్యాయి. దేశ సగటు 66.4. అదే పట్టికలో బిహార్ అంకె ఆ సగటులో దాదాపు సగం. ఇలాంటి అంకెలను పక్కపక్కన పెట్టి ఏటా టీవీ చర్చలు నడుస్తాయి. అధికారంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఎవరు గొంతు పెంచాలో తేలుతుంది.

ఇప్పుడు ఇంకో పట్టిక తీద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) వాళ్లు స్టేషన్లకు వెళ్లలేదు, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లనే అడిగారు. పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారు బిహార్‌లో 40 శాతం. తెలంగాణలో సుమారు 37, ఆంధ్రప్రదేశ్‌లో 30. దేశం మొత్తం మీద 29.3. కర్ణాటక 44తో అందరికంటే పైనుంది. పోలీసు పట్టికలో బుద్ధిమంతురాలిలా కూర్చున్న బిహార్ ఇక్కడ తెలంగాణను దాటిపోయింది.

రెండు పట్టికలూ ఒకే వస్తువును కొలవవన్నది నిజమే. పోలీసు లెక్కలో కిడ్నాపులు, వేధింపులు, అత్యాచారాలు అన్నీ ఉంటాయి, సర్వే లెక్క మొగుడి గురించి. అయినా పోలీసు లెక్కలో అన్నిటికంటే పెద్ద వాటా ‘భర్త, అతని బంధువుల క్రూరత్వం’దే. 2022లో దేశంలో నమోదైన 4,45,256 కేసుల్లో 31.4 శాతం అదే. కాబట్టి తేడా అంతా ఆ సాకుతో తేలిపోదు. తెలంగాణలో 2014 అక్టోబరులో పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి, 2016లో హైదరాబాద్‌లో బాధిత స్త్రీల కోసం భరోసా కేంద్రం తెరిచారు. చెప్పుకునే చోటు దొరికితే రిజిస్టరు లావవుతుంది. తెలంగాణ అంకె మొత్తాన్నీ ఆ ఖాతాలో వేయమని అనడం లేదు. రిజిస్టరు పలచగా ఉన్నంత మాత్రాన ఊరు ప్రశాంతంగా ఉన్నట్టు కాదన్నదొక్కటే నా మాట.

ఆ రిజిస్టరు దాకా అసలు ఎంతమంది వస్తున్నారు? అదే సర్వేలో దీనికి జవాబుంది. దేశంలో దెబ్బలు తిన్న, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం సాయం అడగలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. సాయం కోరినవారు 14 శాతం. మిగిలినవారు ఎవరితోనో చెప్పుకుని ఊరుకున్నారు. ఆ 14 మందిలోనూ ఎక్కువమంది తట్టిన తలుపు పుట్టింటిది. ఆ తర్వాత అత్తింటివారిది, స్నేహితులది. స్టేషన్ మెట్లెక్కినవారు బహు కొద్దిమంది. మనం పేపర్లో చదివే ‘పెరిగిన నేరాలు’ ఆ కొద్దిమంది లెక్క.

సర్వే అంకెనైనా కళ్లు మూసుకుని నమ్మొచ్చా అంటే, అది అడిగిన తీరును బట్టి ఉంటుంది. ‘మీ ఆయన మిమ్మల్ని హింసిస్తాడా?’ అని అడిగితే చాలామంది ‘అబ్బే, లేదండీ’ అంటారు. అబద్ధమాడుతున్నారని కాదు. ఎప్పుడో కోపమొచ్చి రెండు తగిలించడాన్ని వాళ్లు హింస పద్దులో రాసుకోరు. అందుకే సర్వేవాళ్లు ఆ మాటే వాడరు, పనులను ఒక్కొక్కటిగా అడుగుతారు. చెంప మీద కొట్టాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? నెట్టాడా, మీద ఏమైనా విసిరాడా? పిడికిలితో గుద్దాడా? తన్నాడా, ఈడ్చాడా? గొంతు నులిమాడా, కాల్చాడా? కత్తి చూపించి బెదిరించాడా? ఒక్కోదానికి అవునో కాదో. ఇలా అడిగితే దేశంలో పెళ్లయిన స్త్రీలలో నాలుగో వంతు మంది, 25 శాతం, చెంపదెబ్బకు అవునన్నారు.

అడిగే తీరు అంకెను ఎంత మార్చేస్తుందో నికరాగువాలో బయటపడింది. 1990ల్లో ఆ చిన్న దేశంలో మూడేళ్ల వ్యవధిలో మూడు సర్వేలు జరిగాయి. 1995లో లియోన్ నగరంలో అడిగితే, భర్త లేదా సహచరుడు కొట్టాడన్నవారు 52 శాతం. 1997లో రాజధాని మనాగువాలో 69 శాతం. 1998లో దేశమంతటా జరిగిన పెద్ద ఆరోగ్య సర్వేలో 28. దేశం ఏడాదిలో బాగుపడలేదు. మేరీ ఎల్స్‌బర్గ్, ఆమె సహచరులు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. పల్లెలు, పట్టణాలు, వయసుల తేడాలను లెక్కలోకి తీసుకున్నా మొత్తం తేడా పోలేదు. చిన్న సర్వేలు హింస కోసమే చేసినవి. అడిగేవాళ్లకు గట్టి శిక్షణ ఉంది, ఏకాంతం చూసుకున్నారు, ఆమె నోరు విప్పడానికి ఒకటికి రెండు అవకాశాలు ఇచ్చారు. పెద్ద సర్వేలో ఈ ప్రశ్నలు గర్భాలు, టీకాలు, కుటుంబ నియంత్రణల వరసలో వచ్చాయి.

ఇలాంటి అనుభవాల నుంచే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో పద్ధతులు ప్రచురించింది. చదువుతుంటే పరిశోధన నియమాల కంటే రహస్య కార్యకలాపాల మార్గదర్శిలా అనిపిస్తుంది. సర్వేకు ‘హింస’ అన్న పేరు పెట్టకూడదు. మహిళల ఆరోగ్యం, జీవితానుభవాలు లాంటి పేరు పెట్టాలి. ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి. తోటికోడళ్లిద్దరినీ అడిగితే ఏమడిగారో ఇంట్లో తెలిసిపోతుంది, రాత్రికి ఆ దెబ్బలు ఇద్దరికీ పడొచ్చు. గదిలో రెండేళ్లు దాటిన పిల్లలు కూడా ఉండకూడదు. ఎందుకంటే పిల్లలు నాన్నకు చెప్పేస్తారు. మధ్యలో అత్తగారు మంచినీళ్లంటూ లోపలికొస్తే? అడిగే మనిషి దగ్గర ఇంకో కాగితం సిద్ధంగా ఉంటుంది. గొంతు మారకుండా, ‘మీ పిల్లలకు టీకాలు అన్నీ వేయించారా?’ అని దానిలోకి జారిపోవాలి. ఆవిడ బయటికి వెళ్లాక మళ్లీ మొదటి కాగితం. ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలు అడగకుండానే లేచి రావాలి. మన కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఇంటికొక్కరే, ఏకాంతం తప్పనిసరి.

ఆ పద్ధతితో ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 దేశాల్లో 24,000 మంది స్త్రీలను అడిగి 2005లో ఫలితాలు వెల్లడించింది. సహచరుడి చేతిలో శారీరక లేదా లైంగిక హింస జపాన్ నగరంలో 15 శాతం, ఇథియోపియా పల్లె ప్రాంతంలో 71 శాతం. మగవాడి స్వభావమే అంతని చేతులెత్తేసేవాళ్లు ఈ రెండంకెలకు జవాబు చెప్పాలి. స్వభావం ఒక్కటే కారణమైతే 15కూ 71కీ మధ్య ఇంత దూరం ఉండకూడదు.

అయితే దేశాల మధ్య పోలికలో ఓ చిక్కుంది. ఐరోపా సమాఖ్య 2024లో బయటపెట్టిన సర్వేలో, పదిహేనేళ్లు దాటాక ఎవరి చేతిలోనైనా శారీరక హింసకో బెదిరింపులకో లైంగిక హింసకో గురైనవారు సగటున 31 శాతం దాకా తేలారు. అందరికంటే ఎక్కువ ఫిన్లాండ్‌లో, 57 శాతం. అందరికంటే తక్కువ బల్గేరియాలో, 12. స్త్రీ పురుష సమానత్వంలో ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం అట్టడుగునా? పరిశోధకులు దీన్ని నార్డిక్ వైరుధ్యం అంటారు. ఇంకా తగువు తెగలేదు. అక్కడ ఆడవాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు, దేన్ని తప్పనాలో వాళ్లకు తెలుసు అన్నది ఒక వాదన. అదొక్కటే చాలదన్నది ఇంకో వాదన. నాకు మొదటిదే బలంగా తోస్తుంది గానీ, దాని మీద పందెం కాయను. దేశాల ర్యాంకుల జాబితాలను మాత్రం పక్కన పెట్టేయొచ్చు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, కొన్నేళ్ల తేడాతో అడిగిన రెండు అంకెలే పనికొస్తాయి.

ప్రపంచం మొత్తానికి వేసిన ఈ రెండు అంచనాలు దానికి కాస్త దగ్గరగా వస్తాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సహచరుడి హింసకో, ఇతరుల లైంగిక హింసకో గురైన స్త్రీలు 73.6 కోట్ల మందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2025 నవంబరులో వేసిన కొత్త అంచనా 84 కోట్లు. అమ్మో, పది కోట్లు పెరిగిందా అనకండి. జనాభా పెరిగింది, సమాచారమూ పెరిగింది. రెండుసార్లూ వాటా మాత్రం దాదాపు ముగ్గురిలో ఒకరే. ఒక్క ఏడాదిలో భర్త లేదా సహచరుడి చేతిలో హింసకు గురైనవారు 31.6 కోట్లు, అంటే 11 శాతం. ఇరవై ఏళ్లుగా ఇది ఏడాదికి 0.2 శాతం చొప్పునే తగ్గుతోంది. ఇంతకంటే నిరాశ కలిగించే అంకె ఈ వ్యాసంలో లేదు.

దాచడానికి కష్టమైన హింస చావు. 2024లో ప్రపంచంలో 83,000 మంది స్త్రీలు, బాలికలు హత్యకు గురయ్యారని, వారిలో 50,000 మందిని చంపింది భర్తలు, సహచరులు, కుటుంబ సభ్యులేనని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. రోజుకు 137 మంది. హతులైన మగవాళ్లలో ఇంటివాళ్ల చేతిలో పోయేది పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. ఆడవాళ్లలో ఆరుగురు. అపరిచితులకు భయపడి చీకటి పడేలోగా ఇల్లు చేరమని చెబుతాం కదా, ఆ జాగ్రత్త లెక్కకు ఎంత ఆనుతుందో చూసుకోవచ్చు. మన దగ్గర చావును కూడా దాచగలిగారు. స్టవ్ పేలిందనో చీర అంటుకుందనో పోయిన కోడళ్లెందరో తేల్చడం కష్టమైంది కాబట్టే, పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోయి, అంతకుముందు కట్నం వేధింపులు ఉన్నట్టు తేలితే వరకట్న చావుగా భావించాలని 1986లో చట్టం మార్చారు. 2022లోనూ ఆ పద్దు కింద 6,450 కేసులున్నాయి. రోజుకు పదిహేడుకు పైనే.

తగ్గించగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. అయితే వాళ్ల అంకెలనూ మనం మొదటి పట్టికల మీద చూపిన అనుమానంతోనే చూడాలి.

దక్షిణాఫ్రికాలోని లింపోపో పల్లెల్లో 2001–2005 మధ్య జరిగిన ఇమేజ్ ప్రయోగం డ్వాక్రా సంఘాలున్న ఊళ్లవాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. పేద స్త్రీలను గుంపులుగా చేర్చి చిన్న అప్పులిచ్చారు. వాయిదాల మీటింగు అయిపోగానే అక్కడే కూర్చోబెట్టి హింస, ఆడతనం మీద పెట్టుకున్న నియమాలు, హెచ్‌ఐవీ గురించి వరుసగా కొన్నాళ్లు మాట్లాడించారు. రెండేళ్లలో ఆ స్త్రీల మీద సహచరుల హింస, పోల్చి చూసిన ఊళ్ల కంటే 55 శాతం తక్కువగా తేలింది. ఆ తర్వాత పరిశోధకులు ఇంకో పని చేశారు. అప్పులు మాత్రమే తీసుకుని, మాటల కార్యక్రమం లేని స్త్రీలతో పోల్చారు. వాళ్ల ఇంట్లో డబ్బు పరిస్థితి బాగుపడింది. హింస మీద మాత్రం ఆ ఫలితం కనబడలేదు. ఆడది సంపాదిస్తే మొగుడి చెయ్యి ఆగుతుందని నమ్మే మనకు ఇది కొంచెం మింగుడుపడని సంగతి. సంఘం పాసుపుస్తకం ఒక్కటే చాలదు, సంఘంలో ఆ మాట కూడా రావాలి.

ఉగాండా రాజధాని కంపాలాలో 2007–2012 మధ్య నడిచిన ససా కార్యక్రమం చాలా దేశాలకు పాకింది. రైజింగ్ వాయిసెస్ అనే సంస్థ రూపొందించింది. ఊళ్లోనే మెకానిక్కులు, టీచర్లు, పోలీసులు, పెద్దమనుషుల్లోంచి వాలంటీర్లను ఎంచుకున్నారు. వాళ్లు ‘భార్యను కొట్టడం తప్పు’ అని మొదలుపెట్టరు. ‘ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది? నీ మాట చెల్లకపోతే నీకెలా ఉంటుంది?’ అని మొదలుపెడతారు. పై అధికారి అరుపులు తిని వచ్చినవాడికి ఆ ప్రశ్న వెంటనే తగులుతుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు, వీధి మలుపుల్లో, బొమ్మల పోస్టర్లతో. చివర్లో ఆ ప్రాంతాల్లో ఏడాదిలో జరిగిన శారీరక హింస 52 శాతం తక్కువని తేలింది. ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. ఆ పరీక్షలో ఉన్నవి ఎనిమిది ప్రాంతాలే, నాలుగింట్లో కార్యక్రమం, నాలుగింట్లో లేదు. అంత చిన్న లెక్కలో కాకతాళీయం పాలు పెద్దదవుతుంది. గణాంకవేత్తలు ఇచ్చే అవకాశాల పరిధిలో ‘ఏమీ తగ్గలేదు’ అన్నదీ ఉంది. దిశ సరైనదే, 52 అన్న అంకెను మాత్రం కరపత్రాల్లో లాగా రాతిశాసనం చేయకూడదు. ఒక్కో స్త్రీని ఏడాదిపాటు దెబ్బల నుంచి తప్పించడానికి పడిన ఖర్చు 460 డాలర్లని తర్వాత లెక్క కట్టారు.

రువాండాలో ఇలాంటిదే సగం గెలిచి సగం ఓడింది. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టి 21 విడతలు శిక్షణ ఇచ్చిన భాగం బ్రహ్మాండంగా పనిచేసింది. రెండేళ్ల తర్వాత ఆ స్త్రీలు హింసకు గురయ్యే అవకాశం సగానికి పైగా తగ్గింది. అదే కార్యక్రమంలో ఊరంతటినీ మార్చాలనుకున్న భాగం ఊరి స్థాయిలో ఏ ప్రభావమూ చూపలేదు. ఓడిన సగాన్ని కూడా అచ్చు వేశారు కాబట్టే గెలిచిన సగాన్ని నమ్మబుద్ధవుతుంది.

చట్టంతో మొదలుపెట్టిన దేశం స్పెయిన్. 1997 డిసెంబరు 4న అనా ఒరాంతెస్ అనే అరవై ఏళ్ల స్త్రీ అండలూసియా టీవీలో కూర్చుని నలభై ఏళ్ల దెబ్బల గురించి చెప్పింది. ఎన్ని ఫిర్యాదులు చేసినా ఫలితం లేదు. విడాకులైతే వచ్చాయి గానీ ఇంటిని ఇద్దరికీ పంచిన కోర్టు ఆమెను ఒక అంతస్తులో, అతన్ని ఇంకో అంతస్తులో ఉంచింది. ఆ కార్యక్రమం వచ్చిన పదమూడు రోజులకు అతను ఆమె మీద పెట్రోలు పోసి తగలబెట్టాడు. ఏడేళ్లకు, 2004 డిసెంబరులో, పార్లమెంటు ఏకగ్రీవంగా ప్రత్యేక చట్టం చేసింది. ప్రత్యేక కోర్టులు వచ్చాయి. 2007లో 016 ఫోను నంబరు వచ్చింది, ఆ కాల్ ఫోను బిల్లులో కనబడదు. అదే ఏడాది పోలీసులు ఒక్కో స్త్రీకి ఉన్న ప్రమాదాన్ని లెక్కగట్టే వియోజెన్ వ్యవస్థ మొదలైంది. 2009 నుంచి దూరంగా ఉండాల్సిన మగవాడి చేతికి ఎలక్ట్రానిక్ కడియం వేస్తున్నారు. భర్తలు, మాజీ భర్తలు, సహచరుల చేతిలో హతులైన స్త్రీలను 2003 నుంచి ప్రభుత్వమే ఒక్కొక్కరిగా లెక్కిస్తోంది. 2003లో 71, 2008లో 76, ఇటీవలి ఏళ్లలో యాభై చుట్టూ. తగ్గింది, అయితే ఇరవై ఏళ్లు పట్టింది. వాళ్లలో సుమారు నలుగురిలో ముగ్గురు అంతకుముందు పోలీసులకు ఫిర్యాదే చేయలేదు. ఇంత యంత్రాంగమూ ఎవరికోసం కట్టారో వాళ్లలో ఎక్కువమంది ఆ గుమ్మం దాకా రాలేదు.

మన దగ్గర ఆ గుమ్మానికి అడ్డుపడేదేమిటో చెప్పే అంకె ఒకటుంది. అది చదివినప్పుడు మొదట అచ్చుతప్పేమో అనుకున్నాను. ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని మన కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగారు. చెప్పకుండా బయటికెళ్లడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, వంట బాగోలేకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం, అలాంటివి. కనీసం ఒకదానికైనా సబబే అన్న స్త్రీలు దేశంలో 45 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతంలోపే. తెలంగాణలో 83.8. ఆంధ్రప్రదేశ్‌లో 83.6. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెలంగాణ మగవాళ్లలో అలా అన్నవారు 70 శాతం, ఆంధ్రలో 66. అంటే మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువమంది ఒప్పుకున్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత మన నోట అలవోకగా వస్తుంది కదా, అందులో దెబ్బ గురించి పేచీయే లేదు. ఈ సగటులో చదువుకున్నవాళ్లూ పట్నవాసులూ ఉన్నారు.

మందు సంగతి కూడా చెప్పాలి. అదే సర్వేలో, తరచూ తాగొచ్చే భర్తలున్న స్త్రీలలో హింసకు గురైనవారు 70 శాతం, తాగని భర్తలున్నవారిలో 23. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టుకు తాళం వేయించింది ఈ లెక్క చూసి కాదు, ఇంట్లో చూసి. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. అయితే ఆ 23 అన్న అంకెను మరవకూడదు. చుక్క ముట్టనివాళ్ల ఇళ్లలోనూ దాదాపు నలుగురిలో ఒకరు దెబ్బలు తింటున్నారు.

స్పెయిన్ 2018లో చట్టం సవరించింది. పోలీసు ఫిర్యాదు లేకపోయినా సామాజిక సేవల అధికారులు ధ్రువీకరిస్తే చాలు, ఆమెకు సాయం అందుతుంది. విచిత్రమేమిటంటే ఆ దారి మనకు 2006 అక్టోబరు 26 నుంచీ ఉంది. గృహహింస చట్టం, 2005 కింద స్టేషన్‌కు వెళ్లనక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. రక్షణాధికారికి చెబితే ఆయన నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. మామూలుగా మూడు రోజుల్లోపు తొలి విచారణ, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నం అని చట్టమే అంటుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెది. అవసరమైతే అతన్నే బయటికి పంపమని కోర్టు ఆదేశించవచ్చు. రక్షణాధికారి ఎక్కడుంటారో తెలియకపోతే 181కి ఫోన్ చేస్తే చెబుతారు. సఖి కేంద్రంలో వైద్యం, లాయరు సాయం, కొన్నాళ్లు తలదాచుకునే చోటు ఒకే కప్పు కింద దొరుకుతాయి. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆమె తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.